పని ఒకటే, పేర్లు రెండు: సమాన వేతనంపై చర్చ

సమన్వయకర్త: సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఇప్పుడు ఆ స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ ఉంది. మరి ఆడవాళ్లకు జీతం ఎక్కడ తగ్గుతోందండీ?

కార్మిక న్యాయవాది: హోదా పేరులో తగ్గుతోంది. ఏదైనా ప్యాకింగ్ హాలుకు వెళ్లి చూడండి. ఒకే బెల్టుకు అటొకరు, ఇటొకరు. సర్దేవి అవే డబ్బాలు, వేసేవి అవే సీళ్లు. అతని జీతం స్లిప్పు మీద 'ఆపరేటర్' అని, ఆమె స్లిప్పు మీద 'హెల్పర్' అని ఉంటుంది. 1987లో ఆడ్రీ డికోస్టా అనే లేడీ స్టెనోగ్రాఫర్ కేసులో సుప్రీంకోర్టు ముందు కంపెనీ చేసిందీ ఇలాంటి వాదనే, లేడీ స్టెనోగ్రాఫర్ల పని వేరని. కోర్టు ఒప్పుకోలేదు. కంపెనీకి ఇచ్చుకునే స్తోమత లేదన్నా కుదరదని కూడా చెప్పింది.

సమన్వయకర్త: 'మగవాళ్లు బరువులు మోస్తారు' అంటారు కదా?

పేరోల్ నిపుణురాలు: ఎన్నిసార్లు మోస్తారో లెక్కపెట్టాలి. ఒక వారంపాటు ప్రతి షిఫ్టులో రాసుకోండి: గంటకు ఎన్ని డబ్బాలు, ఎవరు ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారు, మిషన్ ఆపేది ఎవరు, పని నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది. చట్టం చూసేది నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత, పని పరిస్థితులు. రోజుకు రెండు బస్తాలు ఎత్తడం లెక్కలోకి రాదని గట్టిగా వాదించవచ్చు. షిఫ్టంతా లోడింగే చేసేవాడితో మాత్రం పోల్చుకోకండి, కేసు అక్కడే పోతుంది.

న్యాయవాది: స్లిప్పుల్లో మొత్తం ఒక్కటే చూడొద్దు. బేసిక్, డీఏ (కరువు భత్యం), అలవెన్సులు విడివిడిగా పక్కపక్కన పెట్టండి. బేసిక్ సమానంగా ఉండి, అలవెన్సు దగ్గర కోత పడటం మామూలే. క్లెయిము మూడేళ్లలోపు వేయాలి. ఉద్యోగి వేయొచ్చు, రిజిస్టరైన యూనియనూ వేయొచ్చు. ఒంటరిగా వెళ్లిన మనిషి మీద ఒత్తిడి పెడతారు కాబట్టి యూనియన్ ద్వారా వెళ్లడమే మంచిది. బకాయితోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది.

సమన్వయకర్త: సమానం చేస్తామని మగవాళ్ల జీతం తగ్గిస్తే?

న్యాయవాది: కుదరదు. అందుకోసం ఎవరి జీతమూ తగ్గించకూడదని కోడ్‌లోనే ఉంది. ఈ మాట ముందే మగ కార్మికులకు చెప్పండి, వాళ్లూ కలిసొస్తారు.

నిపుణురాలు: అసలు చిక్కు కాంట్రాక్టు దగ్గరుంది. పోలిక ఒకే యజమాని కింద ఉన్నవాళ్ల మధ్యే. మగవాళ్లు కంపెనీ సొంత ఉద్యోగులుగా, ఆడవాళ్లు కాంట్రాక్టర్ కింద ఉంటే క్లెయిము బలహీనపడుతుంది. అప్పుడు ఆడవాళ్లకూ అసలు యజమాని కంపెనీయేనని చూపడానికి, సెలవు మంజూరు చేసేది ఎవరు, గుర్తింపు కార్డు ఎవరిచ్చారు, పని పురమాయించేది ఎవరు అన్నవాటికి కాగితాలు ముందు పోగుచేసుకోవాలి.