రెండు నాణేల చక్రవర్తి
(ఒక కళాశాలలో పాత నాణేల ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, చరిత్ర శాఖ అధ్యాపకులకు, ఈ ప్రదర్శన కోసం నెలల తరబడి కష్టపడ్డ విద్యార్థులకు, ఎండలో ఇంత దూరం వచ్చిన పెద్దలకు నమస్కారం. రోమ్ సైనిక చక్రవర్తుల గురించి మాట్లాడమన్నారు. సంతోషం.

క్రీ.శ. 235లో, ఇప్పటి జర్మనీలోని మైంజ్ దగ్గర, అలెగ్జాండర్ సెవెరస్ చక్రవర్తినీ అతని తల్లినీ సొంత సైనికులే చంపేశారు. 284లో డయొక్లీషియన్ వచ్చేదాకా, దాదాపు యాభై ఏళ్లు, ఆ సామ్రాజ్యానికి నిలకడ లేదు. మనం చదువుకునే పుస్తకాల్లో ఈ యాభై ఏళ్లకు ఒకటి రెండు వాక్యాలు దక్కితే గొప్ప.

ఒక్క 238వ సంవత్సరం చూడండి. ఇప్పటి ట్యునీషియాలోని ఎల్ జెమ్‌లో పన్నుల అధికారి పీడ భరించలేక భూస్వాముల కుర్రాళ్లు అతన్ని చంపేశారు. అలెగ్జాండర్ తర్వాత గద్దెనెక్కిన మాక్సిమినస్ చక్రవర్తి ఇక తమను బతకనివ్వడని తెలుసు. అందుకని ఎనభై ఏళ్ల గవర్నర్ గోర్డియన్‌కు బలవంతంగా ఊదా వస్త్రం కప్పారు, అంటే చక్రవర్తిని చేశారు. కొడుకు కూడా చక్రవర్తి అయ్యాడు. మూడు వారాలు గడిచాయో లేదో మాక్సిమినస్ పక్షాన ఉన్న పొరుగు నుమిడియా సైన్యం వచ్చి పడింది. కొడుకు యుద్ధంలో పోయాడు, తండ్రి ఉరేసుకున్నాడు. రోమ్‌లో పెద్దల సభ సెనేట్ అప్పటికే వాళ్లను గుర్తించింది కాబట్టి వెనక్కి తగ్గలేక ప్యూపియెనస్, బల్బినస్ అనే ఇద్దరిని నిలబెట్టింది. వాళ్ల మీదికి బయల్దేరిన మాక్సిమినస్ అక్విలేయా నగరాన్ని ముట్టడించి అక్కడే చిక్కుకున్నాడు. ఆకలితో విసిగిన అతని సైనికులు అతన్నీ కొడుకునీ చంపేశారు. మూడు నెలలకు ఆ ఇద్దరు సెనేటర్లనూ రోమ్‌లోనే చక్రవర్తి అంగరక్షకులైన ప్రిటోరియన్ సైనికులు ఈడ్చుకెళ్లి చంపారు. చివరికి మిగిలింది పదమూడేళ్ల పిల్లాడు, మూడో గోర్డియన్. ఒకే ఏడాదిలో ఆరుగురు!

ఎందుకిలా? కొత్తగా వచ్చిన ప్రతివాడూ సైన్యానికి డబ్బు పంచాలి. డబ్బు చాలక నాణెంలో వెండి తగ్గించారు. 260ల చివరికి అది నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్‌కు బందీగా దొరికిపోయాడు. సరిహద్దును కాపాడేది దగ్గరున్న సేనాపతి అయినప్పుడు, సైనికులు అతన్నే చక్రవర్తి అన్నారు. గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో, పోస్టుమస్ అలా వచ్చినవాడే. 269లో మైంజ్ నగరాన్ని దోచుకుంటామంటే ఒప్పుకోనందుకు అతన్ని తన సైనికులే చంపారు. వీళ్లందరిలో నాకు గౌరవం ఉన్నది ఇతని మీద.

ఇదే కాలపు చక్రవర్తులు ఎమిలియన్ గురించి, ఫ్లోరియన్ గురించి కూడా రాసుకొచ్చాను. వాళ్లను వదిలేస్తున్నాను. ఒక నాణెం గురించి చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

1900లో ఫ్రాన్స్‌లో, నాంత్ నగరం దగ్గర, ఒక నాణెం బయటపడింది. కిరణాల కిరీటం పెట్టుకున్న గడ్డం మనిషి, చుట్టూ డొమిషియానస్ అనే పేరు. మొదటి శతాబ్దపు చక్రవర్తి డొమిషియన్ కాదు, వేరే మనిషి. అలాంటి చక్రవర్తి ఎక్కడున్నాడని పండితులు దాన్ని నకిలీ కింద తోసేశారు. నూరేళ్లు అంతే. 2003లో ఇంగ్లండ్‌లోని చాల్‌గ్రోవ్ పొలాల్లో ఒక కుండ దొరికింది. దాదాపు 5,000 నాణేలు, తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. దొరికినతను వాటిని పంచిపెట్టలేదు, అమ్ముకోలేదు, అప్పగించాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక్కొక్కటే విడదీస్తుంటే అదే మనిషి మళ్లీ కనిపించాడు. మొదటి నాణెం ఏ అచ్చులతో కొట్టారో ఇదీ వాటితోనే. క్రీ.శ. 271 ప్రాంతంలో గాల్‌లో ఒక మనిషి చక్రవర్తినని ప్రకటించుకున్నాడని ఈ రెండు నాణేలే గట్టి సాక్ష్యం. నాణెం వెనక వైపు ఏం రాయించాడో తెలుసా? సైనికుల ఐకమత్యం అని!

అలాగే అదే గాల్‌లో మారియస్ అనే కమ్మరి చక్రవర్తి అయి మూడు రోజులే ఏలాడని పాత కథనం. అతని నాణేలు దొరుకుతున్నన్ని, మూడు రోజుల్లో కొట్టే పని కాదు. రాతలో ఉన్న అబద్ధాన్ని నాణెం సరిదిద్దింది.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు అక్కడ పునాది తవ్వుతుంటే ఒక ముంత నిండా నల్లటి బిళ్లలు దొరికాయి. బంగారం కాదని తేలాక తలా పిడికెడు పట్టుకుపోయారు. సీసమని తెలిశాక కరిగించి వలలకు బరువులు కట్టుకున్నారు. శాతవాహనులవా? ఇక్ష్వాకులవా? రోమ్‌లో సైనికులు చక్రవర్తుల్ని మారుస్తున్న ఆ శతాబ్దంలోనే కదా మన విజయపురిలో, అంటే నాగార్జునకొండలో, ఇక్ష్వాకులు ఏలింది! వాళ్లలో మనకు తెలియని ఒక రాజు పేరు ఆ ముంతలో ఉందేమో. ఈ బాధ నాకు ఇన్నేళ్లయినా పోలేదు. ఇక పోదు కూడా.

పిల్లలూ, మీ పొలంలోనో, పక్కవాళ్ల పునాదిలోనో ఏదైనా దొరికితే కడగొద్దు. చింతపండు పెట్టి అసలే తోమొద్దు. ముంత పగిలినా పెంకులు పారేయకండి, ఏ చోట ఎంత లోతులో దొరికిందో రాసి పెట్టండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. సొంతదారు తేలకపోతే దొరికినవాళ్లకు వాటా ఉందని కూడా అదే చట్టం చెబుతోంది. మీ ఊళ్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పండి, భయపడి దాచిపెట్టేవాళ్లే ఎక్కువ.

సాయంత్రం దాకా నేను ఇక్కడే, మూడో అద్దాల పెట్టె దగ్గర ఉంటాను. మీ ఇళ్లలో పాత బిళ్లలేమైనా ఉంటే ఫోన్‌లో ఫొటో తెప్పించి చూపించండి.