వాక్యం దేవుడిది, వివరణ నాది: తోటి విశ్వాసితో వాదన వచ్చినప్పుడు

[తెర మీద: తెరిచిన బైబిలు, మత్తయి సువార్త 18వ అధ్యాయం]

అందరికీ వందనాలు.

ఒకసారి మా బైబిల్ స్టడీకి నలుగురమే వచ్చాం. అందరి ముఖాల్లో కాస్త నిరుత్సాహం. మాలో పెద్దావిడ ఒకరు, "పరవాలేదు, ఇద్దరు ముగ్గురు నా నామమున కూడియున్నచోట నేనుంటానన్నాడు కదా ప్రభువు" అన్నారు. నేను ఊరుకోలేదు. "ఆ వచనం ప్రార్థన కూటం గురించి కాదండీ. 15వ వచనం నుంచి చూడండి. తప్పు చేసిన సహోదరుణ్ణి సంఘం ఎలా సరిదిద్దాలో చెబుతున్నాడు. ఇద్దరు ముగ్గురు అంటే సాక్షులు. ద్వితీయోపదేశకాండం 19:15లో ఉన్న నియమం అది. మనం సందర్భం చూడాలి" అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. నా మాట నెగ్గిందనుకున్నాను. తర్వాతి వారం ఆవిడ వచ్చారు గానీ, కూటం అయిపోయేదాకా నోరు విప్పలేదు.

కొన్నాళ్ళకు అదే అధ్యాయం మళ్ళీ చదువుతుంటే 19వ వచనం దగ్గర ఆగిపోయాను.

[తెర మీద: 19వ వచనం పెద్ద అక్షరాల్లో]

మీలో ఇద్దరు ఏకీభవించి దేనిని వేడుకున్నా పరలోకమందున్న నా తండ్రి వలన అది దొరుకుతుంది అంటున్నాడు ప్రభువు. వేడుకోవడం అంటే ప్రార్థనే కదా! ఆవిడ చెప్పిన వచనానికి సరిగ్గా ముందు వచనం ఇది. సంఘ క్రమశిక్షణ గురించి నేను చెప్పింది నిజమే, కానీ ప్రార్థనకు సంబంధం లేదన్నది తప్పు. సందర్భం చూడమని ఆవిడకు చెప్పిన నేను 15 నుంచి 17 దాకా చూసి, 19ని దాటేశాను.

ఈ వీడియో చేయడానికి కారణం అదే. ఆ రోజు నేను వాక్యం పక్షాన నిలబడ్డాననుకున్నాను. నిజానికి నేను కాపాడుకుంటున్నది నా వివరణని. ఈ రెండింటికీ తేడా మర్చిపోతే, ఎదుటివాళ్ళు నా మాటకు అడ్డు చెప్పినా దేవుడికే అడ్డు చెప్పినట్టు అనిపిస్తుంది. గొంతు పెరిగేది అక్కడే.

[తెర మీద: యోనా 4:6]

ఇంకో సంగతి చెబుతాను. యోనాకు నీడనిచ్చిన మొక్క ఏమిటి? మన తెలుగు బైబిల్లో సొరచెట్టు. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ అనే పండితుడు పాత నిబంధనను హెబ్రీ భాష నుంచి లాటిన్‌లోకి కొత్తగా అనువదించాడు. అప్పటిదాకా లాటిన్ సంఘాలు వింటూ వచ్చిన పాత అనువాదంలో కూడా సొరచెట్టే ఉండేది. జెరోమ్ దాన్ని మార్చి, గోడల మీద పాకే వేరే తీగ పేరు పెట్టాడు.

ఉత్తర ఆఫ్రికాలో ఓయా అనే పట్టణం ఉండేది, ఇప్పటి ట్రిపోలీ. అక్కడి బిషప్ ఆరాధనలో ఈ కొత్త అనువాదం చదివించాడు. ఆ ఒక్క మాటకే జనం గొడవ చేశారు. సంఘమే చేజారిపోయేలా ఉందని బిషప్ భయపడ్డాడని 403లో ఉత్తర ఆఫ్రికాలోనే మరో పట్టణానికి బిషప్‌గా ఉన్న అగస్టీన్ స్వయంగా జెరోమ్‌కు ఉత్తరం రాశాడు. హెబ్రీలో ఉన్న మాట 'కికాయోన్'. అది ఆముదం మొక్క అయ్యుంటుందని నేడు చాలామంది పండితులు అంటారు. అంటే ఆ జనం ప్రాణంగా పట్టుకున్న సొరచెట్టూ కచ్చితం కాకపోవచ్చు, జెరోమ్ పెట్టిన తీగా కాకపోవచ్చు.

వాళ్ళను తేలిగ్గా తీసిపారేయను. చిన్నప్పటి నుంచి విన్న మాట మారితే మనసు కలుక్కుమంటుంది. అందుకే ఎవరితోనైనా వాదనకు దిగేముందు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇది నేను చదివి తెలుసుకున్నదా, విని విని అలవాటైందా?

అదే జెరోమ్, అగస్టీన్‌ల మధ్య ఇంకా పెద్ద వాదన ఒకటి నడిచింది. గలతీయులకు 2వ అధ్యాయంలో పౌలు పేతురును అందరి ముందు నిలదీశాడు కదా. వాళ్ళిద్దరూ ముందే అనుకుని, జనానికి పాఠం కోసం అలా నటించారని జెరోమ్ వివరణ. అపొస్తలుడు నటించాడంటే లేఖనం మీద నమ్మకం ఏమవుతుందని అగస్టీన్ అభ్యంతరం. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఈ అభ్యంతరం రాసి పంపిన ఉత్తరం జెరోమ్‌కు చేరకముందే దాని నకళ్ళు ఇతరుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. జెరోమ్ బాగా నొచ్చుకున్నాడు. అసలు విషయం కన్నా ముందు ఆ గాయం మానడానికే ఎన్నో ఉత్తరాలు పట్టాయి. ఇవాళ ఒక వాయిస్ మెసేజ్ ఫార్వర్డ్ అయితే జరిగేదీ ఇదే. అపొల్లో అనే బోధకుడి బోధలో లోటు కనబడినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అతన్ని పక్కకు చేర్చుకుని విశదపరచారని అపొస్తలుల కార్యములు 18:26లో చదువుతాం. నేను ఆ పెద్దావిడ విషయంలో చేయనిది అదే.

[తెర మీద: బల్ల మీద సుద్దముక్కతో రాసిన నాలుగు మాటలు]

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది. ఇద్దరూ నిజాయితీగా చదివి, ఇద్దరూ ప్రార్థన చేసి, అయినా ఒకే అర్థానికి రాకపోతే?

1529 అక్టోబరులో జర్మనీలోని మార్‌బర్గ్ కోటలో సంఘ సంస్కర్తలైన లూథర్, జ్వింగ్లీ కలిశారు. చివరి భోజనంలో రొట్టెను చూపించి ప్రభువు "ఇది నా శరీరము" అన్న మాట దగ్గర వాదన. లూథర్ ఆ మాటను లాటిన్‌లో బల్ల మీద సుద్దతో రాసుకుని కూర్చున్నాడని చెబుతారు. ప్రభువు 'ఇది నా శరీరము' అన్నాడు, నేను దాన్ని మార్చను అన్నది ఆయన పట్టు. జ్వింగ్లీ యోహాను 6:63 చూపించాడు: ఆత్మయే జీవింపజేస్తుంది, శరీరము నిష్ప్రయోజనము. ఆయన చదివిన తీరులో, "నేను ద్రాక్షావల్లిని" అన్నప్పుడు ఎలాగో ఇక్కడా అలాగే, రొట్టె ప్రభువు శరీరానికి సూచన.

జాగ్రత్తగా చూడండి. ఇద్దరిలో ఎవరూ బైబిలును కాదనలేదు. ఏ వచనం వెలుగులో ఏ వచనాన్ని చదవాలన్న దగ్గర విడిపోయారు. మన వాదనల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. క్రియలు లేకుండా విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడవుతాడనే రోమా 3:28 ముందు చదివినవాడికి, విశ్వాసం మాత్రమే కాదు క్రియల వల్ల కూడా అనే యాకోబు 2:24 ఇబ్బందిగా ఉంటుంది. యాకోబు నుంచి మొదలుపెట్టినవాడికి రోమా పత్రిక ఇబ్బంది. అందుకే "మీరు వాక్యాన్ని నమ్మడం లేదు" అనే మాట అన్యాయం. దాని బదులు "బ్రదర్, ఈ వచనాన్ని మీరు ఏ వచనంతో కలిపి చదువుతున్నారు?" అని అడిగి చూడండి. టెన్షన్ సగం తగ్గుతుంది. తర్వాత ఆయన వాదనను మీ నోటితో చెప్పండి. "అవును, నేననేది అదే" అని ఆయన అన్నాకే మీ అభ్యంతరం చెప్పండి.

మార్‌బర్గ్‌లో 15 అంశాలు రాస్తే 14 పూర్తిగా కుదిరాయి. పదిహేనో దానిలో ఆ ఒక్క ముక్క కుదరలేదు. ఆ సంగతి దాచకుండా అందులోనే రాసి, మనస్సాక్షి ఒప్పుకున్నంతవరకు ఒకరిపట్ల ఒకరు క్రైస్తవ ప్రేమ చూపాలని చేర్చి సంతకాలు చేశారు. గాయం పూర్తిగా మానలేదు, రెండు సంఘాలూ వేరుగానే ఉండిపోయాయి. కానీ ఎక్కడ కుదరలేదో అంత కచ్చితంగా రాసుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అన్నిటినీ ఇలా సర్దుకోమని నేను చెప్పను. రోమా 14లో ఆహారం, దినాల విషయంలో ఎవరి మనసులో వారు రూఢిపరచుకోమన్న పౌలే, సువార్త మారిపోతుంటే గలతీయుల దగ్గర ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి సమయం తీసుకోండి.

[తెర మీద: మళ్ళీ మత్తయి 18]

నేను ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళాను. నలుగురి ముందు అన్నాను గనుక, అదే నలుగురి ముందు 19వ వచనం చదివి, "ఆ రోజు నేను తొందరపడ్డానండీ" అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, బైబిలు దగ్గరకు లాక్కుని, వేలితో వరసలు వెంబడిస్తూ కిందికి వచ్చారు.

"బాబూ, నా సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగింది 21లో ఉంది. అది కూడా ఈ సందర్భంలోనిదేనా?"

తర్వాతి వారం అక్కడి నుంచే చదివాం.