టిన్ను వెనక చిన్న అక్షరాల్లో: అస్పార్టేమ్ సంగతేంటి?

[తెర మీద: డైట్ కూల్‌డ్రింక్ టిన్నును చెయ్యి మెల్లగా తిప్పుతుంది. కెమెరా వెనకవైపు చిన్న అక్షరాల దగ్గర ఆగుతుంది.]

ముందువైపు "జీరో షుగర్" అని ఇంతింత అక్షరాలు. అది అందరికీ కనబడుతుంది. వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా కింద, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనబడని లైను ఒకటుంటుంది: "ఫినైల్‌అలనీన్ ఉంది." పంచదారకు బదులు ఇందులో వేసే తీపి పదార్థం పేరు అస్పార్టేమ్. దాంతో క్యాన్సర్ అని, విషమని వాట్సాప్‌లో తిరిగే భయాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క లైను ఒక ఎత్తు. నిజంగా కొందరికి హాని చేసే విషయం ఇందులో ఉంది. దీన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

1965. అమెరికాలో సెర్ల్ అనే మందుల కంపెనీ. జేమ్స్ ష్లాటర్ అనే కెమిస్టు కడుపులో పుండ్లకు మందు కనిపెట్టే పనిలో ఉన్నాడు. తయారుచేస్తున్న పొడి కాస్త వేళ్లకు అంటింది. తర్వాత కాగితం తియ్యబోయి వేలు నాలుకకి తడి చేసుకున్నాడు. తియ్యగా తగిలింది. అదే అస్పార్టేమ్. ల్యాబ్‌లో వేలు నోట్లో పెట్టకూడదని మొదటిరోజే చెబుతారు కదా! తీపి రసాయనాల చరిత్ర మాత్రం చాలావరకు ఇలాగే నడిచింది. 1937లో సైక్లమేట్ అనే ఇంకో తీపి రసాయనం దొరికింది కూడా ల్యాబ్‌లో తాగుతున్న సిగరెట్ తియ్యగా అనిపించబట్టే.

[యానిమేషన్: రెండు పూసలు, వాటి మధ్య ముడి. రెండో పూసకు చిన్న తోక.]

ఆ పొడి నిర్మాణం చూద్దాం. రెండు అమైనో ఆమ్లాలు: ఆస్పార్టిక్ ఆమ్లం, ఫినైల్‌అలనీన్. పాలలో, గుడ్లలో, మాంసంలో, ప్రోటీన్ ఉన్న ప్రతిదాంట్లో ఇవి ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి, చివర మిథైల్ అనే చిన్న తోక తగిలిస్తే అస్పార్టేమ్. విడిగా ఒకటి పులుపు, ఇంకోటి చేదు. ముడిపడ్డాక పంచదారకన్నా సుమారు 200 రెట్లు తీపి! ఫినైల్‌అలనీన్‌ని దాని అద్దంలో ప్రతిబింబం లాంటి రూపంతో మార్చి చూడండి, తీపి పోతుంది. నాలుక మీది తీపి గ్రాహకం అంత పట్టింపుగా ఉంటుంది.

అన్నట్టు, ఇందులో కేలరీలు లేవనుకుంటారు. ఉన్నాయి. గ్రాముకి 4, పంచదారకున్నంతే. వాడేది చిటికెలో చిటికె కాబట్టి లెక్కలోకి రాదు, అంతే.

ఆ ముడి గట్టిది కాదు. వేడి తగిలితే విడిపోతుంది, లేదా మెలితిరిగి తీపి లేని ఇంకో పదార్థంగా మారుతుంది. అందుకే ఓవెన్‌లో చేసే కేకుకి ఇది పనికిరాదు. పులుపు ఉన్న ద్రవంలో, పీహెచ్ 4.3 దగ్గర (పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), గది ఉష్ణోగ్రతలో సగం విడిపోవడానికి దాదాపు 300 రోజులు పడుతుంది. పీహెచ్ 7 దగ్గరైతే కొద్ది రోజులే. కూల్‌డ్రింకుల్లో ఇది ఇంతగా కుదురుకోవడానికి వాటి పులుపే కారణం.

[యానిమేషన్: పేగులో పూసలు విడిపోవడం.]

మింగాక ఏమవుతుంది? పేగులోనే మూడు ముక్కలవుతుంది. అస్పార్టేమ్ అస్పార్టేమ్‌గా రక్తంలోకి వెళ్లడం దాదాపు ఉండదు. కాబట్టి అడగాల్సింది ముక్కల గురించి.

తోక మిథనాల్ అవుతుంది. "మిథనాల్ విషం!" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, ఎంత అన్నది చెప్పడం లేదు. బరువులో అది పదో వంతు. టిన్నులో 200 మిల్లీగ్రాముల అస్పార్టేమ్ ఉంటే మిథనాల్ 20 మిల్లీగ్రాములు. టమాటా రసం గ్లాసుడు తాగినా అంతకు తక్కువ రాదు. శరీరం దాన్ని ఎప్పటికప్పుడు వదిలించుకుంటుంది.

ఇక ఫినైల్‌అలనీన్. దీన్ని మార్చే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే సరిగా పనిచెయ్యదు. ఆ జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. అరుదైనదే. కానీ వాళ్లలో ఫినైల్‌అలనీన్ రక్తంలో పేరుకుపోయి మెదడుని దెబ్బతీస్తుంది. పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షల్లో ఇదీ ఒకటి. ఆ లైను వాళ్ల కోసం.

[తెర మీద: "2023 జులై"]

మరి క్యాన్సరు? 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ అస్పార్టేమ్‌ని 2బి జాబితాలో చేర్చింది. అంటే "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు". అదే రోజు, ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే జెక్ఫా అనే ఇంకో నిపుణుల సంఘం, రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాముల పరిమితి మార్చాల్సిన పని లేదంది. ఒకరి మాట ఒకరు కాదన్నట్టు అనిపిస్తుంది గానీ, అడిగిన ప్రశ్నలే వేరు. మొదటివాళ్లది "ఇది హాని చెయ్యగలదా?" అన్న ప్రశ్న. రెండోవాళ్లది "మనం తీసుకునే మోతాదులో చేస్తుందా?" అన్నది.

ఐఏఆర్‌సీ ఆధారపడింది ముఖ్యంగా కాలేయ క్యాన్సర్ మీది మూడు అధ్యయనాల మీద. ఇక్కడో చిక్కుంది. డైట్ డ్రింకుల వైపు మళ్లేది ఎవరు? చాలామంది అప్పటికే బరువో, షుగరో ఉన్నవాళ్లు. కాలేయానికి ముప్పు వాటివల్లా వస్తుంది. ఏది దేనివల్లో విడదియ్యడం కష్టం. ఇటలీలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కణుతులు కనబడ్డాయన్నారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ వాటిని చూసి, ఆ ఎలుకలకు ఊపిరితిత్తుల జబ్బులున్నాయని ఎత్తిచూపింది. 2006లో అమెరికాలో సుమారు 4,70,000 మందిని గమనించిన అధ్యయనంలో రక్త, మెదడు క్యాన్సర్లతో సంబంధం కనబడలేదు. నాకైతే 2బి అనేది "ఇంకా పరిశోధించండి" అన్న చీటీలా కనబడుతుంది.

బరువు తగ్గుతారా అన్నది వేరే ప్రశ్న. బరువు అదుపు కోసం ఇలాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023 మేలో సూచించింది.

[తెర మీద: లెక్క]

చివరిగా, కిలో బరువుకి 40 అన్న ఆ పరిమితి. 70 కిలోల మనిషికి రోజుకి 2,800 మిల్లీగ్రాములు, అంటే టిన్నులో 200 నుంచి 300 ఉంటే 9 నుంచి 14 టిన్నులు. వార్తలన్నీ ఈ అంకె దగ్గర ఆగిపోయాయి. 20 కిలోల పిల్లకి వేసి చూడండి: 800. టిన్నులో 300 ఉంటే మూడోది పూర్తికాకముందే పరిమితి దాటేస్తుంది. అయితే టిన్నులో ఎంతుందో మనకెలా తెలియాలి? ఇందాకటి చిన్న అక్షరాలు మళ్లీ చూడండి. అస్పార్టేమ్ అని పేరుంటుంది. ఎన్ని మిల్లీగ్రాములో చాలా టిన్నుల మీద రాయరు.