టైమింగ్ బెల్టు మార్చారా? బిల్లు ఉందా?

శ్రోతలకు నమస్కారం.

పాత కారు కొనేటప్పుడు మనం టైర్లు చూస్తాం. ఏసీ వేసి చూస్తాం. తలుపులు తీసి వేసి చప్పుడు వింటాం. ఎక్కడైనా గుద్దించారేమోనని రంగు మీద చెయ్యి రాసి మరీ చూస్తాం. టైమింగ్ బెల్టు సంగతి అడిగేవారు మాత్రం తక్కువ. అడిగినా, "మార్చామండీ" అని అమ్మేవారు అనగానే తృప్తి పడి డబ్బు లెక్కపెడతాం. ఈ కాసేపట్లో నేను చెప్పదలచుకున్నదంతా ఆ "మార్చామండీ" అనే మాట గురించే.

ముందు ఆ బెల్టు చేసే పనేమిటో క్లుప్తంగా చెబుతాను. ఇంజిన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది, దాన్ని పిస్టన్లు తిప్పుతాయి. పైన క్యామ్ షాఫ్ట్ ఉంటుంది, అది వాల్వులను, అంటే గాలి లోపలికీ పొగ బయటికీ పోయే చిన్న తలుపుల్లాంటి వాటిని, తెరుస్తుంది. కింది షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైది ఒక్క చుట్టు తిరగాలి. సరిగ్గా ఒక్క చుట్టు. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేదే ఈ బెల్టు. లోపలివైపు పళ్లుంటాయి, రబ్బరు మధ్యలో గాజునార తాళ్లుంటాయి. జర్మనీలో గ్లాస్ అనే సంస్థ 1962లో తన గ్లాస్ 1004 కారులో వాడి దీనికి దారి వేసింది. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ, బరువు తక్కువ. అందుకే ఎందరో తయారీదారులు ఆ దారి పట్టారు.

మరి ఇది తెగితే? క్యామ్ షాఫ్ట్ ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పటికి తెరుచుకుని ఉన్న వాల్వులు అలాగే లోపలికి చొచ్చుకుని ఉండిపోతాయి. కారు మాత్రం గేరులో ముందుకు పోతూనే ఉంటుంది కాబట్టి పిస్టన్లు ఆగవు. పైకి వచ్చి ఆ వాల్వులను కొడతాయి. వాల్వులు వంగిపోతాయి, హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగం, దించాల్సి వస్తుంది. కొన్ని పెట్రోలు ఇంజిన్లలో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చోటు ఉంటుంది, బండి ఆగిపోవడంతో సరిపోతుంది. డీజిల్ ఇంజిన్లలో ఆ చోటు దాదాపుగా ఉండదు.

అన్ని కార్లకూ బెల్టు ఉండదు. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజిన్లలో ఉండేది గొలుసు. పాత స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 లీటర్ల ఇంజిన్‌కూ గొలుసే. రెనో డస్టర్ 1.5 డీజిల్‌కు బెల్టు, ఫోక్స్‌వాగన్ పోలో 1.5 డీజిల్‌కు బెల్టు. ఇన్నోవానే తీసుకోండి. పాత 2.5 డీజిల్‌కు బెల్టు ఉంటే, క్రిస్టా 2.4 డీజిల్‌కు గొలుసు వచ్చింది. కాబట్టి కారు పేరు చెప్పి అడిగితే చాలదు, ఏ ఇంజినో చెప్పి అడగాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఉదాహరణ.

మా మేనల్లుడు ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయి తొమ్మిదేళ్లు, మీటరు మీద 58 వేల కిలోమీటర్లు. కారు ముచ్చటగా ఉంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలని వాడి ఆశ. వెళ్లేముందు ఒకసారి చూపిద్దామని విజయవాడ ఆటోనగర్‌లో నాకు ఏళ్లుగా తెలిసిన మేస్త్రి గారి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, కాసేపు ఇంజిన్ చప్పుడు విని, ఆపేయమన్నారు.

"టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు బాబూ?"

"మార్చే ఇచ్చారట మేస్త్రి గారూ. అమ్మినాయన చెప్పారు."

"బిల్లు ఉందా?"

బిల్లు ఉంది. మావాడు గర్వంగా తీసి చూపించాడు. మేస్త్రి గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. దాని మీద ఉన్నది ఫ్యాన్ బెల్టు. అంటే ఇంజిన్ బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు. అది తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, పక్కకు ఆపుకుని మార్చుకోవచ్చు. టైమింగ్ బెల్టు ప్లాస్టిక్ మూత వెనకాల ఉంటుంది, దాని కథ వేరు. అమ్మినాయన అబద్ధమాడారని నేను అనను. షెడ్డులో "బెల్టు మార్చాం" అని ఉంటారు, ఆయన అదే మాట మావాడికి అప్పగించారు. నడిమధ్యలో ఏ బెల్టు అని అడిగినవారు లేరు.

మేస్త్రి గారు పై మూత స్క్రూలు విప్పి చూపించారు. బెల్టు నల్లగా, శుభ్రంగా కనిపించింది. పగుళ్లు లేవు, అంచులు పీచు లేవలేదు. "బాగానే ఉందిగా మామయ్యా" అన్నాడు మావాడు నా వైపు తిరిగి. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. చక్రం విప్పి, కింది పుల్లీ ఊడదీసి, రెండు షాఫ్టులూ సరైన చోట ఉన్నాయని చూపే మార్కులు కలిపి, బెల్టు బయటికి తీశారు. తీసి లోపలి పక్క బయటికి వచ్చేలా వెనక్కి వంచారు. అప్పుడు కనిపించింది. రెండు పళ్ల మొదళ్లలో వెంట్రుకంత సన్నటి చీలికలు. బిగువుగా ఉన్నంతసేపు ఆ చీలిక మూసుకునే ఉంటుంది. పైనుంచి ఎంత టార్చి వేసినా కనిపించదు. కొత్త బెల్టు పక్కన పెట్టి రెండూ వంచి చూడమన్నారు. కొత్తది చేతిలో మెత్తగా ఒదిగింది. పాతది మొండిగా నిలబడింది. తర్వాత బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్‌ను వేలితో తిప్పి మావాడి చెవి దగ్గర పెట్టారు. గరగరమంది.

నల్లమల ఘాట్‌లో, ఫోనుకు సిగ్నల్ దొరకని మలుపులో, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కారులో ఆ పళ్లు ఊడి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

58 వేలకే ఎందుకలా అయింది? ఆ బెల్టు వయసు కారు వయసే కాబట్టి. ఇంట్లో కుక్కర్ రబ్బరు చూడండి, వాడినా వాడకపోయినా కొన్నేళ్లకు గట్టిపడుతుంది. తయారీదారు ఇచ్చే పుస్తకంలో అందుకే రెండు అంకెలుంటాయి, ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందు వస్తే అది. కొన్ని ఇంజిన్లకు 60 వేల కిలోమీటర్లు, కొన్నింటికి లక్షా 50 వేలు. ఏళ్ల గడువు కూడా ఇంజిన్‌ను బట్టి మారుతుంది. మన జనం కిలోమీటర్ల అంకె ఒక్కటే గుర్తుంచుకుంటారు. తక్కువ తిరిగిన బండి కదా అని నిశ్చింతగా ఉంటారు. నా దృష్టిలో తక్కువ తిరిగిన పాత కారు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే కిలోమీటర్లు ఎప్పటికీ నిండవు, ఏళ్లు మాత్రం చెప్పకుండా నిండిపోతాయి.

ఇంకో లెక్క చూడండి. హైదరాబాదులో సాయంత్రం ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, కదలీ కదలకుండా గంటసేపు నిలబడ్డామనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 850 చుట్లు తిరుగుతున్నా గంటకు 51 వేల చుట్లు. బెల్టు అంత పనీ చేసింది. మీటరు మీద మాత్రం ఏమీ పెరగలేదు. దానికి తోడు మన ఎండలు, బానెట్ కింద సెగ. అందుకే చాలా మాన్యువళ్లలో కఠిన పరిస్థితుల్లో నడిచే బండ్లకంటూ విడిగా ఒక పట్టిక ఉంటుంది. అందులో గడువు తక్కువగా ఉంటే మనం పాటించాల్సింది దాన్నే.

పాత ఇన్నోవా ఉన్నవారు అనవచ్చు, మా బండిలో టైమింగ్ బెల్టు గడువు గుర్తుచేసే టి-బెల్ట్ దీపం ఉంది, అదే చెబుతుంది కదా అని. మంచి ఏర్పాటే. కానీ అది లెక్కపెట్టేది కిలోమీటర్లనే. పైగా బెల్టు మార్చకుండానే ఆ దీపాన్ని ఆర్పేయవచ్చు. దీపం ఆరి ఉందంటే బెల్టు కొత్తదని అర్థం కాదు. మళ్లీ అదే ప్రశ్న, బిల్లు ఉందా?

బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఈ ఒక్కటీ పట్టుకోండి. అమ్మేవారు ఎంత మంచివారైనా, బంధువులైనా సరే. కొనేటప్పుడే బెల్టు ఖర్చును కారు ధరలో కలిపి బేరమాడండి. కొన్న వారంలోనే మార్పించండి. గడువు నిండకముందే మార్చాల్సిన సందర్భం కూడా ఒకటుంది. ఇంజిన్ ఆయిల్ గానీ, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ గానీ కారి బెల్టు మీద పడితే ఇక ఆగకూడదు. ఆ కారడం ఆపి, బెల్టు మార్చాలి. ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ లాంటి కొన్ని ఇంజిన్లలో బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగేలా తయారై ఉంటుంది. అక్కడ ఆయిల్ తగలడం తప్పు కాదు గానీ, పుస్తకంలో చెప్పిన రకం ఆయిల్ కాక మరొకటి పోస్తే బెల్టు పాడవుతుంది.

దారిలో ఎప్పుడైనా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి, తాళం తిప్పితే స్టార్టర్ మామూలు కంటే తేలిగ్గా, ఖాళీగా తిరిగినట్టు వినిపిస్తే, అక్కడితో ఆపేయండి. మళ్లీ మళ్లీ తిప్పవద్దు. నలుగురూ చేరి తోసి స్టార్ట్ చేద్దామంటే అసలే వద్దనండి. తిప్పిన కొద్దీ మిగిలిన వాల్వులు కూడా వంగవచ్చు. లారీ మీద ఎక్కించి షెడ్డుకు తీసుకెళ్లడమే మేలు.

మార్పించేటప్పుడు బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. టెన్షనర్, బెల్టును దారి తప్పకుండా నడిపే ఐడ్లర్ బేరింగులు కూడా వేయించాలి. వాటర్ పంపు ఈ బెల్టుతోనే తిరిగే ఇంజిన్ అయితే దాన్నీ మార్చాలి. ఎందుకంటే ఖర్చులో పెద్ద వాటా విప్పి బిగించే కూలిదే. ఆరు నెలలకు పంపు కారితే ఆ కూలి మళ్లీ ఇవ్వాలి. మా మేస్త్రి గారు అన్నీ బిగించాక స్టార్టర్ జోలికి పోలేదు. పెద్ద పానాతో క్రాంక్‌ను చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పారు. రెండెందుకంటే కింద రెండయితేనే పైన ఒకటి. మార్కులన్నీ తిరిగి కలిశాయని చూసుకున్నాకే మూత పెట్టారు. మీ మెకానిక్ అలా తిప్పుతుంటే తొందరపెట్టకండి.

తర్వాత ఆయన ఆ మూత మీద తెల్ల పెయింటుతో తేదీ, కిలోమీటర్లు రాశారు. బిల్లు మీద "టైమింగ్ బెల్టు" అని పూర్తి పేరు, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, ఆనాటి మీటరు అంకె వేరువేరుగా రాసి ఇచ్చారు. మీరు కూడా అలాగే రాయించుకోండి. "బెల్టు" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. ఆ బిల్లును ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, కాగితాన్ని ఇన్సూరెన్స్ పత్రాలతో పాటు ఉంచండి. కారు అమ్మేరోజున తాళాలతో పాటు ఆ కాగితాన్నీ కొనేవారి చేతిలో పెట్టండి.

నమస్కారం.