నాణేల గ్రూపుల్లో నమ్మకం: సీనియర్లకి ఒక రూలు, కొత్తవాళ్లకి ఒక రూలా?

నమస్కారం అండీ. ఈ వీడియో పాత నాణేలు, నోట్లు, స్టాంపులు సేకరించేవాళ్ల కోసం. ముఖ్యంగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో కొంటూ అమ్ముతూ ఉండేవాళ్ల కోసం.

గుంటూరు నుంచి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. గ్రూపులో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయన దగ్గర వెండి రూపాయి కొన్నాడట. చేతికొచ్చాక తూకం వేస్తే తేడా వచ్చింది. ఇదేంటని గ్రూపులో అడిగితే అడ్మిన్ సమాధానం: "ఆయన్ని అనుమానిస్తావా? ఆయన ఎవరో తెలుసా నీకు?" సాయంత్రానికల్లా కుర్రాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. "అన్నా, నేను చేసింది తప్పా?" అని అడుగుతున్నాడు.

కాదు తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు కాదు. ఆ పెద్దాయన మోసం చేశారని నేను అనడం లేదు. ఆయన కూడా ఎవరి దగ్గరో నమ్మి కొని ఉండొచ్చు, నకిలీ అని తెలియకుండానే అమ్మి ఉండొచ్చు. నేను తప్పు పట్టేది ఆ గ్రూపు నడిచే తీరుని. కొత్తగా చేరినవాడు పోస్టు పెడితే నాణేనికి రెండు వైపులా ఫొటో కావాలి, బరువు కావాలి, ముందు డెలివరీ తర్వాత డబ్బు అంటారు. అదే సీనియర్ అయితే మసక ఫొటో ఒకటి పెట్టి "ఒరిజినల్, గ్యారంటీ" అంటే చాలు, నిమిషంలో డబ్బు వెళ్లిపోతుంది. పెద్ద మొత్తాల అమ్మకాలు జరిగేది సీనియర్ల దగ్గరే. అంటే డబ్బు ఎక్కువ పోయే అవకాశం ఉన్న చోటే మనం రూలు ఎత్తేస్తున్నాం. నా లెక్కలో పేరున్నవాళ్లకే రూలు ఇంకాస్త గట్టిగా ఉండాలి.

గుంటూరు మిర్చి యార్డులో తరతరాలుగా సరుకు తెచ్చే రైతయినా సరే, టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) కాయ తీసి చూడకుండా రేటు చెప్పరు. అలా చూసినందుకు ఏ రైతూ చిన్నబుచ్చుకోడు. మరి మన దగ్గర "బరువెంత సార్?" అని అడిగితే అవమానం ఎందుకవ్వాలి?

బరువు సంగతి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి ప్రమాణం 11.66 గ్రాములు. 1835 నుంచి 1939 దాకా అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించారు, బరువు మాత్రం అదే ఉంచారు. వాడకంలో అరిగి కొద్దిగా తగ్గితే సహజమే. గ్రాము, గ్రామున్నర తగ్గినా, అయస్కాంతానికి అతుక్కున్నా అక్కడితో ఆగిపోవాలి. ఇంట్లో వాడుకునే చిన్న డిజిటల్ కాటా ఖరీదు ఒక మామూలు వెండి రూపాయి కంటే తక్కువే. నాణెం కొనే ముందు కాటా కొనుక్కోండి.

అయితే కాటా అన్నీ పట్టుకోలేదు. 1939 నాటి ఆరో జార్జి (అప్పటి బ్రిటిష్ రాజు) వెండి రూపాయి చాలా అరుదు, 1938ది దొరుకుతుంది. ఆ 1938లో చివరి 8ని చెక్కి 9గా మార్చి అమ్మడం మన రంగంలో పాత మోసం. నాణెం అసలుదే, వెండి అసలుదే, బరువూ సరిపోతుంది. అబద్ధమంతా ఆ ఒక్క అంకెలో ఉంది. అందుకే సంవత్సరం అంకెల్ని దగ్గర నుంచి తీసిన ఫొటో లేకుండా ఖరీదైన నాణేన్ని గ్రూపులో అమ్మకానికి పెట్టనివ్వకూడదు. ఎవరు పెట్టినా సరే. ఫొటోలో నాణెం పక్కన ఆ రోజు తేదీ, అమ్మే మనిషి పేరు రాసిన కాగితం కూడా ఉండాలి. లేకపోతే ఎక్కడో గూగుల్లో దొరికిన ఫొటో పెట్టి, చేతిలో లేని నాణెం అమ్మేవాళ్లుంటారు.

లోపం చెప్పడం గురించి కూడా మాట్లాడుకోవాలి. మన ఇళ్లల్లో రాగి నాణేల్ని చింతపండు పెట్టి తోమే అలవాటుంది. పండక్కి కలశంలో వేసే కాణీలు, అర్ధణాలు తళతళ మెరుస్తాయి. పూజకి బాగుంటాయి. కానీ సేకరించేవాళ్ల దృష్టిలో ఆ నాణెం విలువ పడిపోయినట్టే. ఏళ్ల తరబడి లోహం మీద పట్టిన పొర పోయిందంటే మళ్లీ రాదు. చిన్న చిన్న గీతలు మిగులుతాయి. తోమిన నాణెం అమ్మడం తప్పేం కాదు, తోమాం అని చెప్పకుండా "యూఎన్‌సీ కండిషన్" అని రాయడమే తప్పు. యూఎన్‌సీ అంటే చేతులు మారని, వాడకంలో అరగని నాణెం. అది మెరుపుని బట్టి ఇచ్చే మాట కాదు. నోట్లకీ ఇంతే. ఇస్త్రీ చేసి మడత పోగొట్టిన నోటుని కొత్త నోటు అంటే కుదరదు. పిన్ను గుచ్చిన రంధ్రం, మడత, మరక, అతికించిన చిరుగు, ఏదున్నా పోస్టులోనే రాయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయానికి వస్తున్నా. "రేటు ఇన్‌బాక్స్‌లో చెబుతా" అనే పద్ధతి. దీన్ని గ్రూపుల్లోంచి పూర్తిగా తీసేయాలి.

ఇన్‌బాక్స్‌లో ఏం జరుగుతుందో చూడండి. అదే నాణేన్ని ఒకరికి ఎనిమిది వందలు చెబుతారు, ఇంకొకరికి రెండు వేలు చెబుతారు. ముందు "నేను తీసుకుంటా" అన్న మనిషిని పక్కన పెట్టి, ఎక్కువ ఇస్తానన్న ఇంకొకరికి ఇచ్చేస్తారు. రేపు గొడవ వస్తే గ్రూపులో ఎవరికీ ఏమీ తెలియదు, ఇద్దరూ చెరో స్క్రీన్‌షాట్ పెడతారు. అడ్మిన్ తనకి తెలిసిన మనిషి వైపు మాట్లాడతాడు. అదే పోస్టులో రేటు రాసి ఉండి, "నాకు" అని ముందు ఎవరు రాశారో అందరికీ కనబడుతూ ఉంటే, తీర్పు చెప్పడానికి అడ్మిన్ కూడా అక్కర్లేదు. రేటు చెప్పుకోవడానికి మొహమాటం అయితే వేలం పెట్టండి. ఎప్పటికి ముగుస్తుందో, కనీస ధర ఎంతో ముందే రాయండి.

వేలం అన్నాను కాబట్టి చట్టంలో ఉన్నదొకటి చెప్పాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలాల గురించే. అమ్మే మనిషి తానే బిడ్ వేసుకోవాలన్నా, తన తరఫున ఒకరితో వేయించాలన్నా ఆ హక్కు ఉంచుకున్నానని ముందే ప్రకటించాలి. చెప్పకుండా చేస్తే అది మోసం కింద లెక్క. ధర పెంచడానికి దొంగ బిడ్లు వేయిస్తే కొన్న మనిషి ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. మన గ్రూపుల్లో బావమరిది నంబర్ నుంచి, రెండో సిమ్ నుంచి బిడ్ వేయించడాన్ని చాలామంది తెలివి అనుకుంటారు. చట్టం దృష్టిలో అది తెలివి కాదు.

ఇన్‌బాక్స్ వల్ల జరిగే ఇంకో అన్యాయం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎవరింట్లోనో తాతగారు పోతారు. బీరువాలో ఒక డబ్బా దొరుకుతుంది. ఇంట్లోవాళ్లకి నాణేల గురించి ఏమీ తెలియదు. మనవరాలు ఎవరినో అడిగి గ్రూపులో చేరి అన్నీ కలిపి ఒక ఫొటో పెడుతుంది, "ఇవి ఎంతుంటాయండీ?" అని. గ్రూపులో ఒక్కరూ పలకరు. ఇన్‌బాక్స్‌లో మాత్రం పది మంది దిగుతారు. "అన్నీ మామూలువేనమ్మా, మొత్తం కలిపి మూడు వేలిస్తా, ఇప్పుడే ఫోన్‌పే చేస్తా." అందులో ఒక్క నాణెమే దానికి పది రెట్లు చేస్తుందని వాళ్లకి తెలుసు.

కొనేవాడు లాభం చూసుకోవడంలో తప్పేముంది అని మీరు అడగొచ్చు. డీలర్ షాపు తెరుచుకుని కూర్చుంటే అతని లెక్క వేరు, అద్దె కట్టాలి, మళ్లీ అమ్ముకోవాలి. తక్కువకి కొంటాడని అందరికీ తెలుసు. కానీ అభిరుచి కోసం కలిసిన గ్రూపులో "ఎంతుంటాయి?" అని అడిగిన మనిషికి అబద్ధపు జవాబు చెప్పి కొనడం బేరం కాదు. ఆ అమ్మాయి అమ్మడానికి ముందు సలహా అడిగింది. సలహా ఇచ్చేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరే అయినప్పుడు జవాబు అందరి ముందూ రావాలి. అందుకే ప్రతి గ్రూపులో ఈ రూలు ఉండాలంటాను: వారసత్వంగా వచ్చిన కలెక్షన్ గురించి ఎవరైనా అడిగితే ఒక రోజంతా ఎవరూ కొనుగోలు మాట ఎత్తకూడదు, ఇన్‌బాక్స్‌కి వెళ్లకూడదు. తెలిసినవాళ్లు గ్రూపులోనే, "ఇది చిల్లు కాణీ, 1943 నుంచి 1947 మధ్యది, బాగా దొరుకుతుంది, పెద్ద ధర రాదు, ఇదిగో ఈ రూపాయి మాత్రం విడిగా దాచండి" అని చెప్పాలి. ఆ తర్వాత కొనుక్కోండి, ఎవరొద్దన్నారు. సరైన ధర ఇచ్చి కొన్నారని తెలిస్తే ఆ ఇంటివాళ్లు ఇంకో నలుగురిని మీ దగ్గరికే పంపిస్తారు.

రెండో వైపు అత్యాశ కూడా ఉంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు, 786 నంబరున్న నోటు, వీటికి లక్షలొస్తాయని తిరిగే వీడియోలు నమ్మి వచ్చేవాళ్లుంటారు. వాళ్లని వెక్కిరించకండి, ఓపిగ్గా చెప్పండి. ఎందుకంటే వాళ్లే తర్వాత మోసపోతారు. "మీ నాణెం రిజర్వ్ బ్యాంక్ కొంటుంది, ముందు ఫీజు కట్టండి" అని ఎవరో ఫోన్ చేస్తారు. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే స్పష్టంగా ప్రకటించింది: తాము పాత నాణేలు, నోట్ల కొనుగోళ్లలో ఉండము, కమిషన్లు, చార్జీలు అడగము అని. ఆ ప్రకటనని గ్రూపులో పిన్ చేసి ఉంచండి.

మనవాళ్లు తేలిగ్గా తీసుకునే చట్టాలు ఇంకొన్ని ఉన్నాయి. అమరావతి, ధరణికోట అంటే శాతవాహనుల నేల. వాళ్ల సీసపు నాణేలు ఈ ప్రాంతానికి చెందిన చరిత్ర. "పొలం దున్నుతుంటే దొరికాయి" అంటూ ఎవరైనా గ్రూపులో అమ్మకానికి పెడితే లైకులు కొట్టడం కాదు, ఆపించాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. పది రూపాయలే, సరిగ్గా విన్నారు. ఇక 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు అవుతుంది. దాన్ని విదేశాలకి పంపించడం ప్రైవేటు వ్యక్తులకి నిషేధం. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేయాలంటే లైసెన్స్ ఉండాలి. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఎవరైనా "కొరియర్ చేసేయండి" అంటే ఈ మాట గుర్తుంచుకోండి.

రద్దయిన పాత 500, 1000 నోట్లకి 2017లో విడిగా చట్టం వచ్చింది. మామూలుగా పది నోట్లకి మించి ఉంచుకోకూడదు. అధ్యయనం కోసం, నాణేల సేకరణ కోసం అయితే 25 దాకా పర్వాలేదు. దాటితే పదివేలు గానీ, నోట్ల విలువకి ఐదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. గ్రూపులో ఎవరైనా "కట్టలు ఉన్నాయి" అంటే అడ్మిన్ వెంటనే తీసేయాలి.

ఇక మన దగ్గర బాగా అడిగే ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల నాణెం. సగం వెండి, 40 శాతం రాగి, మిగతా నికెల్, జింక్. ఇది చలామణీ కోసం చేసింది కాదు, టంకశాల ప్యాకింగుతో అమ్మింది. కాబట్టి విడిగా, ప్యాకింగ్ లేకుండా ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ప్యాకింగ్ ఏమైందో అడగండి. అభిమానంతో కొనేవాళ్లు ఎక్కువ కావడం వల్ల, ఆ అభిమానాన్నే పెట్టుబడిగా చేసుకుని రెప్లికా అంటగట్టడం తేలిక. రెప్లికాని రెప్లికా అని రాసి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు.

డబ్బు చెల్లింపు గురించి ఎక్కువ చెప్పను. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. పార్సిల్ అయితే ప్యాక్ చేసేటప్పుడు అమ్మే మనిషి, విప్పేటప్పుడు కొన్న మనిషి, ఇద్దరూ ఆపకుండా వీడియో తీయాలి, నాణెం కాటా మీద పెట్టేదాకా. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి పాత రూల్స్‌లో "రిజిస్టర్డ్ పోస్టులోనే" అని రాసుకున్న గ్రూపులు ఆ వాక్యం మార్చుకోండి. అసలు విజయవాడ, గుంటూరు మధ్య పార్సిల్ ఎందుకండీ? బస్సెక్కితే గంట ప్రయాణం. ఖరీదైనదైతే నలుగురు తిరిగే చోట కలవండి, చేతిలోకి తీసుకుని చూడండి, అక్కడే డబ్బివ్వండి.

తిరిగి తీసుకోవడం మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. నేను అడ్మిన్లకి సూచించే మాట ఇది: నకిలీ అని తేలితే ఎన్నాళ్లయినా పూర్తి డబ్బు వెనక్కి, పోస్టు ఖర్చులతో సహా. కండిషన్ నచ్చకపోతే వారంలోపు వెనక్కి, పోస్టు ఖర్చు కొన్నవాళ్లది. నకిలీయా కాదా అని వాదన వస్తే, ఇద్దరితోనూ అమ్మకాలు కొనుగోళ్లు లేని ముగ్గురు చూసి చెప్పాలి. అడ్మిన్ తానే అమ్ముతూ ఉంటే తన గొడవలో తాను తీర్పు చెప్పకూడదు. ఇది ఒప్పుకోని అడ్మిన్ గ్రూపులో ఖరీదైనవి కొనకండి.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి చివరగా. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. మర్యాదగా, "సార్, తూకం ఇంత వచ్చింది, వీడియో పంపిస్తున్నా, ఒకసారి చూడండి" అని చెప్పు. నిజంగా తెలియక అమ్మిన మనిషైతే వెనక్కి తీసుకుంటారు. తీసుకోకపోతే చాటింగ్, పేమెంట్ వివరాలు, ఫొటోలు ఏవీ డిలీట్ చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యి. ఈ నంబరుకి ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది, అందుకే ఎవరు మోసపోయినా వారాలు ఎదురుచూడొద్దు. ఆ గ్రూపు అడ్మిన్ గారు ఈ వీడియో చూస్తుంటే, ఆ కుర్రాణ్ణి మళ్లీ గ్రూపులో చేర్చుకోండి సార్. అతను అడిగింది బరువు గురించి మాత్రమే.