మాయమయ్యే ఇంటూ గుర్తు

శ్రోతలకు నమస్కారం. ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద నల్లగా, లావుగా ఒక ఇంటూ గుర్తు వేయండి. రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో కొలవడానికి మా పిల్లల చేతికి నేనిచ్చే పరికరం ఇదే. ఇదీ, ఒక స్టాప్‌వాచీ. అదిప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది.

నేను బెంగళూరులో ఒక బళ్లో సైన్సు చెబుతాను. ఫిల్ము కెమెరాల రోజుల్లో ఫోటో స్టూడియోల వాళ్లు హైపో అనే పదార్థం వాడేవారు, కొందరికైనా గుర్తుండాలి. దాని అసలు పేరు సోడియం థయోసల్ఫేట్. చూడ్డానికి పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. కరిగిస్తే మంచినీళ్లలా తేటగా ఉంటుంది. అందులో కాస్త పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే మొదట ఏమీ కాదు. పిల్లలు నా మొహం చూస్తారు. ఇంతలో గాజు ఫ్లాస్కులో సన్నటి తెల్ల పొర, ఆ పైన లేత పసుపు. గంధకం పుడుతోందన్నమాట. ఫ్లాస్కు కింద ఆ కాగితం పెట్టి పైనుంచి చూస్తూ ఉంటే, ఇంటూ గుర్తు మసకబారి, మసకబారి, మాయమైపోతుంది. మాయమైన క్షణాన వాచీ ఆపాలి. అంతే ప్రయోగం.

ఒక్క జాగ్రత్త. దీన్నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ముక్కు మండుతుంది. కిటికీలు తెరిచి పెట్టాలి, ఉబ్బసం ఉన్న పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టాలి. పని కాగానే వాషింగ్ సోడా కలిపిన నీళ్ల బకెట్లో అంతా పారబోయాలి. లేకపోతే పక్క క్లాసు టీచరు వచ్చి నాలుగు మాటలు అంటారు. నేను పడ్డాను.

ఒక ఏడాది ఈ ప్రయోగానికి పిల్లల్ని ఐదు జట్లు చేశాను. మొదటి జట్టుకి 50 మిల్లీలీటర్ల హైపో ద్రావణం, నీళ్లు లేవు. రెండో జట్టుకి 40 హైపో, 10 నీళ్లు. మూడో జట్టుకి 30, 20. అలా దిగుతూ వచ్చాం. మొత్తం మాత్రం అందరికీ 50. ఆమ్లం అందరికీ 5. హైపో పలచబడేకొద్దీ గుర్తు మాయమవడానికి ఎక్కువసేపు పట్టాలి. మొదటి జట్టుకి 28 సెకన్లు, రెండో జట్టుకి 35, నాలుగో జట్టుకి 70. చివరి జట్టుకి రెండు నిమిషాలు దాటింది. బాగుంది. మరి మూడో జట్టు?

22 సెకన్లు. అందరికంటే ముందు!

నా నోటి చివర సిద్ధంగా ఉన్న మాట ఏమిటంటే, "తప్పు చేశారు, మళ్లీ చేయండి." ఆ జట్టులో ఒక అమ్మాయి ఊరుకోలేదు. "తప్పు కాదు సార్, నలుగురం చూశాం. నలుగురికీ ఒక్కసారే మాయమైంది" అంది. అని, తల పక్కకి వంచి తన గాజుపాత్రని, పక్క జట్టు ఫ్లాస్కుని మార్చి మార్చి చూసింది. "సార్, మాది లోతుగా ఉంది."

నిజమే. ఆ రోజు నాకు ఒక ఫ్లాస్కు తక్కువైంది. ఏం ఫరవాలేదులే అని వాళ్లకి చిన్న బీకరు ఇచ్చాను. అడుగు ఇరుకు కాబట్టి అవే 55 మిల్లీలీటర్లు అందులో లోతుగా నిలిచాయి. లోతుగా ఉంటే చూపు ఎక్కువ గంధకాన్ని దాటుకుని కిందికి వెళ్లాలి. అంటే, కొంచెం గంధకం పుట్టగానే గుర్తు కనబడదు. చర్య వేగం పెరగలేదు, మా కొలత మారింది. తప్పు పిల్లలది కాదు, నాది. నీళ్ల మోతాదు మార్చాను, దాంతో పాటు పాత్రా మార్చాను. రెండు మార్చి, ఫలితం ఒక్కదాని ఖాతాలో రాయబోయాను. మామూలు ఫ్లాస్కులో మళ్లీ చేస్తే 46 సెకన్లు వచ్చింది.

చర్య వేగాన్ని ఇలా కొలవడం కొత్తేమీ కాదు. ఆమ్లంలో చక్కెర ఎంత వేగంగా విడిపోతుందో జర్మనీకి చెందిన విల్‌హెల్మీ 1850లోనే కాంతి సాయంతో కొలిచాడు. వేగాన్ని మార్చేవి గాఢత ఒక్కటే కాదు. మొద్దుకంటే చితుకులు త్వరగా అంటుకుంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పచ్చి బంగాళదుంప ముక్క వేస్తే, దుంపలోని ఎంజైము చర్యని తొందరపెట్టి నురుగు పొంగిస్తుంది. ఇక వేడి సంగతి మా పెద్దమ్మ చేత చెప్పిస్తాను.

డిసెంబరులో చెన్నై నుంచి వచ్చింది. రాత్రి ఇడ్లీ పిండి రుబ్బి పెట్టింది. పొద్దున మూత తీసి, "ఏమిట్రా ఇది, పెట్టింది పెట్టినట్టే ఉంది. మీ ఊరి మినప్పప్పు మంచిది కాదు" అంది. ఇక్కడ ఆ నెలలో రాత్రిళ్లు 15, 16 డిగ్రీలకి దిగుతుంది పెద్దమ్మా అన్నాను. వినలేదు. వినకపోవడం సబబే. ఊరు మారింది, నీళ్లు మారాయి, పప్పు మారింది. దేన్ని అనాలి?

ఆ రాత్రి ఒకే పిండిని ఒకేలాంటి రెండు గిన్నెల్లో సగం సగం పోశాను. ఒకటి గట్టు మీద పెట్టాను. రెండోది గోరువెచ్చటి నీళ్లున్న పెద్ద గిన్నెలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. పొద్దున గట్టు మీది గిన్నె అలాగే ఉంది. దుప్పటి కిందది పొంగి మూతని ఎత్తేసింది.

పెద్దమ్మ రెండు గిన్నెలనీ కాసేపు చూసింది. "సరే, వేడే అనుకో" అంది. గరిటె అందుకుంటూ, "అయినా ఆ పప్పు మంచిది కాదురా" అంది.