ఆ తలుపు ఎక్కడిదో ముందు అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే నలుగురు చదివారు, నేనూ మొదలుపెడితే భోజనాల టైం అయిపోతుంది, కాబట్టి వదిలేస్తున్నా, ఏమీ అనుకోకండి. పాత సామాన్లతో పెరట్లో కోళ్ల గూడు ఎలా కట్టుకోవాలో చెప్పమని పిలిచారు, పావుగంట ఇచ్చారు. సర్వీసంతా పల్నాడు పల్లెల్లో కోళ్లకి టీకాలు వేసుకుంటూ తిరిగినవాణ్ణి, పావుగంటలో ఆపడం నా వల్ల కాదు.

ముందు ఒకటి అడుగుతా. మీలో ఎంతమంది పాత తలుపు కొనుక్కొచ్చి గూటికి బిగించారు? ఎత్తండి చేతులు, సిగ్గేం లేదు. చూశారా, సగం మంది ఉన్నారు. సరే, ఆ తలుపు ఏ ఇంటిది, దానికి రంగు ఎప్పుడు వేశారు అని కొట్టువాణ్ణి అడిగినవాళ్లు? ఒక్క చెయ్యీ లేదు. నా గోలంతా ఇదే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం, అదో విషం, 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న రూలు అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. మీరు ముచ్చటపడి తెచ్చుకున్న ఆ పెచ్చులూడే ఆకుపచ్చ తలుపు అంతకు ఎన్నేళ్ల ముందుదో ఎవరికి తెలుసు? కోడి ఊరుకోదు కదా, మెరిసేది ఏది కనబడినా పొడుస్తుంది. పెచ్చు కడుపులోకి పోతుంది, సీసం గుడ్డులోకి, అందులోనూ పచ్చసొనలోకి చేరుతుంది. ఆ గుడ్డు ఉడకబెట్టి మనవడికి పెడతాం. రంగు గీకేస్తాం అంటారేమో, గీకితే ఆ పొడి మీ ముక్కులోకే పోతుంది. రంగు లేని చెక్క తెచ్చుకోండి. పాత మంచం పట్టెలు, వాసాలు, నిచ్చెనలు ఏమైపోయాయి?

ఈ తలుపు సంగతి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది, అది చెప్పాకే కొలతల్లోకి వెళ్తాను. ఒక ఊరు, పేరు వద్దు, పత్తి చేలు ఇళ్ల గోడల దాకా వచ్చే ఊరు. పొద్దున్నే కబురొచ్చింది, కొక్కెర తెగులు తగిలి కోళ్లన్నీ పడిపోతున్నాయని. సైకిలేసుకుని వెళ్లాను. కొక్కెర అయితే పచ్చగా విరేచనం అవుతుంది, మెడ మెలి తిరుగుతుంది, ఒకదాని తర్వాత ఒకటి రోజుల తరబడి పోతాయి. ఇక్కడ రాత్రి శుభ్రంగా పడుకున్న కోళ్లు తెల్లారి నీళ్లు తాగి, కాసేపటికే నోట్లోంచి చొంగ కారుస్తూ కాళ్లు కొట్టుకుంటున్నాయి. గూడు మాత్రం ఎంత బాగా కట్టుకుందో ఆ కోళ్లు పెంచుకునే తల్లి! కిటికీ చువ్వలతో ముందు భాగం, పాత ట్రాలీ రేకుతో కప్పు, దాని మీద తాటాకు. అటూ ఇటూ చూసి నీళ్ల తొట్టి చేతిలోకి తీసుకున్నా. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, అడ్డంగా కోసి, కోళ్లకి గీసుకోకుండా అంచులు దీపం మీద కాల్చి నునుపు కూడా చేసింది. గోడవైపున్న పక్క తిప్పి చూస్తే సగం చిరిగిన లేబులు, లేబుల్లో ఎర్ర త్రికోణం. పురుగుమందుల్లో అన్నిటికన్నా విషమైన వాటికి వేసే గుర్తు అది, దాని తర్వాతే పసుపు, నీలం, ఆకుపచ్చ. "మూడుసార్లు సర్ఫు పెట్టి తోమానయ్యా" అంది. తోమితే పోదమ్మా అన్నాను, ప్లాస్టిక్ పీల్చుకుంటుంది. డబ్బా అమ్మిన కొట్టువాడు చెప్పొద్దా? మందు వాడిన ఇంటాయన చెప్పొద్దా? ఖాళీ డబ్బాకి కన్నం పొడిచి పారెయ్యాలని ఎవరూ ఆమెకి చెప్పలేదు. గుడ్ల డబ్బుతో పిల్ల స్కూలు ఫీజు కట్టుకునేది ఆమె.

సరే, కొలతలు. కోడికి లోపల మూడు నాలుగు చదరపు అడుగులు ఇవ్వండి. వనరాజా, గ్రామప్రియ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి కోసమే తీసిన రకాలు, వాటికి ఇది చాలు. అసీల్ జాతి పందెం పుంజుల్ని పెంచేవాళ్లు నన్నడక్కండి, వాటి లెక్క వేరు, సంక్రాంతి లెక్క. గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడదు. రెంటచింతల ఎండల్లో మనం ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కుతాం, కోడికి ఆ చెమట కూడా పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ముఖ్యమైన దారి. అందుకే గాలి ఆడాలి. ఈ ఫ్లెక్సీలు నాలుగు వైపులా చుట్టేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఫ్లెక్సీ వాన కొట్టే వైపు తెరలాగా వేలాడదీయండి, వాన తగ్గగానే చుట్టి పైకి కట్టెయ్యండి, చివర్లు మడిచి కుట్టండి, లేకపోతే ఆ దారాలు మింగి కోడి గొంతు కింద ఉండలు కడతాయి. ఇదిగో నా వెనకున్న ఫ్లెక్సీ కూడా మీటింగ్ అయ్యాక నేనే పట్టుకెళ్తా, నా ఫొటో ఉన్న వైపు గోడకి తిప్పుతా, కోళ్లు బెదరకుండా.

సిమెంటు రేకు దొరికితే దొరికినట్టే వాడండి, కట్టరు పెట్టి కొయ్యొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. థర్మోకోల్ అసలు పెట్టొద్దు, బియ్యం గింజల్లా ఏరుకు తింటాయి. పాత నిచ్చెన ఉంటే ఏటవాలుగా ఆనించండి, కోళ్లు రాత్రి దాని మీదే పడుకుంటాయి. గుడ్ల పెట్టెలు మాత్రం ఆ మెట్ల కన్నా కిందుండాలి, లేదంటే పెట్టెల్లోనే పడుకుని రెట్టలతో నింపేస్తాయి. పాత పెయింటు డబ్బా గుడ్ల పెట్టెగా పెడతానంటారా, మళ్లీ మొదటికొచ్చాం! వంటనూనె డబ్బా పెట్టుకోండి.

జాలీ దగ్గర మాత్రం పాతది చూసి మురిసిపోవద్దు. ఆరు పలకల సన్న తీగ జాలీ కోడిని ఆపుతుంది గానీ కుక్కని ఆపదు, ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి జాలీ, కొత్తది కొనండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. గూడు చుట్టూ నేలలో ఒక అడుగు లోతు దించండి, పందికొక్కులు తవ్వుకు రాకుండా. ముంగిసకి చిన్న సందు చాలు. గడియ ఊరికే తగిలించేది పెట్టకండి, బోల్టు పెట్టి చీల దోపండి.

ఇంకొకటి, మేకులు. పని అయ్యాక చూడ్డానికి అంతా శుభ్రంగానే ఉంటుంది, కానీ గూట్లో నేల మీద ఊక పోశాక ఏ తీగ ముక్కో దాని కింద దాక్కుంటుంది, కోడి మింగితే కందనకాయలో గుచ్చుకుంటుంది. పాడైపోయిన స్పీకరు విప్పి అయస్కాంతం తీయండి, తాడు కట్టి ఊక పోయకముందే నేలంతా లాగండి.

గంట కొట్టారు, విన్నా. ఆదివారం పొద్దున్న ఏడింటికి నేను పాత ఇనుము కొట్టుకి వెళ్తున్నా, రాదలచుకున్నవాళ్లు రండి. కొనేవాళ్లు ఒక సంచీ, ఆ అయస్కాంతం తెచ్చుకోండి, కొట్టువాణ్ణి ఏమేం అడగాలో అక్కడే చూపిస్తా, వాడికి నన్ను చూస్తే ఎలాగూ చిరాకే.